ఛత్రపురం ఇసుక, గోపాలపూర్ రొయ్య: దేశ భద్రత పేరుతో వ్యాపారం దారి ఎలా మారుతోంది

2024లో ఒడిశా బంగాళాదుంప కోసం రెండుసార్లు కటకటలాడింది. ఒకసారి జులై, ఆగస్టుల్లో, మళ్లీ ఏడాది చివర్లో. తమ దగ్గర ధర పెరిగిపోతోందని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం బయటికెళ్లే లారీలను సరిహద్దులో నిలిపేసింది. ఒడిశా తినే దుంపలో చాలా భాగం అక్కడి నుంచే వస్తుంది. దాంతో బాలేశ్వర్ నుంచి బరంపురం దాకా ధర ఎగబాకింది, మార్కెట్లో సరుకు పలచబడింది.

బెంగాల్ వైపు నుంచి చూస్తే అందులో వింతేమీ లేదు. ముందు మనవాళ్లు తిన్నాక మిగిలింది అమ్ముకుందాం అనుకున్నారు. ఒడిశాకు మాత్రం ఒకే అమ్మకందారు మీద ఇంతగా ఆధారపడ్డామా అని అప్పుడు తెలిసొచ్చింది. దూరాభారమైనా సరేనని ఉత్తరప్రదేశ్ సరుకు కోసం పరుగు పెట్టింది.

దేశాల మధ్య వ్యాపార విధానాల్లో ఈ పదేళ్లుగా నడుస్తున్నది దాదాపు ఇదే కథ. అక్కడ దుంపల బదులు చిప్పులు, అయస్కాంతాలు, ఉక్కు. 2026 బడ్జెట్‌లో ఒడిశా, ఆంధ్రప్రదేశ్, కేరళ, తమిళనాడుల్లో అయస్కాంతాలకు కావలసిన రేర్ ఎర్త్ మూలకాల తవ్వకం నుంచి తయారీ దాకా సాగే కారిడార్లు పెడతామని కేంద్రం చెప్పాక, గంజాం జిల్లా తెలుగు ఇళ్లల్లోనూ చైనా, జపాన్, అమెరికా మాటలు వినిపిస్తున్నాయి. కాబట్టి మొదటి నుంచి చూద్దాం.

మార్కెట్లు కలవడం అంటే

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టగానే గిరిసోల వస్తుంది. 2017 జులై 1న జీఎస్టీ రాకముందు అక్కడ పన్ను కాగితాల తనిఖీ కోసం లారీలు బారులు తీరేవి. ఆ తనిఖీ ఎత్తేశారు. ఇప్పుడు ఆంధ్రా నుంచి కోడిగుడ్లు, చేపలు వచ్చే బండికి ఈ-వే బిల్లు ఉంటే పన్ను కోసం సరిహద్దులో ఆగే పని లేదు. రవాణా శాఖ చెక్‌గేటు సంగతి వేరు, దాని జోలికి ఇక్కడ వెళ్లొద్దు. గీతకు రెండువైపులా ఉన్న కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఒకే బజారులో ఉన్నట్టు వ్యాపారం చేసుకోగలిగితే రెండు మార్కెట్లూ కలిసినట్టే.

దేశాల మధ్య ఈ పని స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలతో జరుగుతుంది. నీ సరుకు మీద నేను సుంకం తగ్గిస్తాను, నా సరుకు మీద నువ్వు తగ్గించు అని రెండు దేశాలో, పది దేశాలో రాసుకుంటాయి. ఇందులో పెద్ద తిరకాసు ఒకటుంది. కోరాపుట్ కాఫీ తోటల్లో నీడ చెట్లకు మిరియాల తీగ పాకిస్తారు. శ్రీలంకతో మనకు ఒప్పందం ఉంది కాబట్టి అక్కడి మిరియాలకు సుంకం రాయితీ ఉంటుంది, వియత్నాం మిరియాలకు అంత ఉండదు. మరి వియత్నాం సరుకే కొలంబోలో దిగి, కాగితాలు మార్చుకుని ఇక్కడికి వస్తే? మన మిరియాల రైతులు ఏళ్ల తరబడి చేసిన ఫిర్యాదు ఇదే. దీన్ని ఆపడానికే ఒప్పందాల్లో ‘రూల్స్ ఆఫ్ ఆరిజిన్’ అని రాస్తారు. సరుకు నిజంగా ఎక్కడ పండిందో, ఎక్కడ తయారైందో రుజువు చూపాలి. 2020 సెప్టెంబర్ నుంచి ఆ రుజువును దిగుమతి చేసుకునేవాడే దగ్గర ఉంచుకోవాలని మన ప్రభుత్వం నిబంధన బిగించింది.

వ్యాపారి కోణంలో మార్కెట్లు ఎంత కలిస్తే అంత లాభం. ఎక్కడ చవకో అక్కడ కొంటాడు. అయితే చవక అన్న ఒక్క లెక్క మీదే నడిస్తే, చివరికి ఒక సరుకు ఒక్క దేశం చేతిలో చిక్కుకుపోవచ్చు. భద్రత మాట మొదలయ్యేది అక్కడే.

ఏ భయానికి ఏ తలుపు మూస్తారు

అన్నిటికన్నా పాతది ఆయుధాల భయం. శత్రువు చేతికి ఆయుధమో, అణు పదార్థమో, వాటిని తయారుచేసే యంత్రమో పోకూడదు. దీని మీద పెద్దగా పేచీ లేదు. ఏ దేశమైనా అలాంటి వస్తువుల జాబితా పెట్టుకుని లైసెన్సు లేకుండా బయటికి పంపదు. మన జాబితా పేరు స్కోమెట్.

రెండోది, అవతలివాడు పీక పట్టుకుంటాడేమోనన్న భయం. మందుల ముడి సరుకు, చిప్పులు, సోలార్ పలకలు, అయస్కాంతాలు. వీటితో ఎవరూ నేరుగా యుద్ధం చెయ్యరు, కానీ అవతలివాడు ఆపేస్తే మన ఫ్యాక్టరీ ఆగుతుంది. అందుకని ఇక్కడ సుంకాలు, సబ్సిడీలు, పెట్టుబడుల మీద ఆంక్షలు, ‘మిత్రదేశాల దగ్గరే కొందాం’ అనే ఒప్పందాలు పనిచేస్తాయి. 2022 మేలో అమెరికా చొరవతో మొదలైన ఇండో పసిఫిక్ ఆర్థిక వేదిక ఈ కోవదే. అందులో సరఫరా గొలుసుల విభాగంలో మన దేశం చేరింది, వాణిజ్య విభాగంలో మాత్రం చేరలేదు.

మూడోది పొట్టకూటి భయం. 2023 జులై 20న మన దేశం బాస్మతేతర తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించింది, 2024 సెప్టెంబర్‌లో ఎత్తేసింది. ఇక్కడ ధర పెరగకూడదనే ఆ పని చేసింది, బెంగాల్ దుంపల విషయంలో చేసినట్టే. మన బియ్యం మీద ఆధారపడిన ఆఫ్రికా దేశాలకు అప్పుడు మనం ఎలా కనిపించి ఉంటామో ఒడిశావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తే వాదన తేలదు. టీవీ చర్చల్లో జరిగేది సరిగ్గా అదే.

1947 నాటి రూలులో ఒక సందు

పైన చెప్పిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు మినహాయిస్తే, ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యులు ఒక దేశానికి ఇచ్చిన రాయితీ అందరికీ ఇవ్వాలి, ఒప్పుకున్న సుంకం దాటకూడదు. అయితే ఈ రూల్స్‌కు పునాదైన 1947 నాటి గాట్ ఒప్పందంలో 21వ అధికరణం ఒక మినహాయింపు ఇచ్చింది. తన ముఖ్యమైన భద్రతా ప్రయోజనాలకు అవసరమని దేశం భావిస్తే మూడు సందర్భాల్లో ఈ రూల్స్ పక్కన పెట్టొచ్చు. అణు పదార్థాలు, వాటి ముడి సరుకు ఒకటి. ఆయుధాల వ్యాపారం రెండు. యుద్ధం, లేదా అంతర్జాతీయ సంబంధాల్లో అత్యవసర పరిస్థితి మూడు.

‘దేశం భావిస్తే’ అంటే ఎవరూ ప్రశ్నించకూడదా? డెబ్బై ఏళ్లు ఈ ప్రశ్నను ఎవరూ తీర్పు దాకా లాగలేదు. 2019లో రష్యా, ఉక్రెయిన్ కేసులో మొదటిసారి తేలింది: అత్యవసర పరిస్థితి నిజంగా ఉందా లేదా అని మేం చూడొచ్చు అంది ఆ సంస్థ తగాదాలు విచారించే ప్యానెల్. చూసి, ఉందని చెప్పి రష్యాకు అనుకూలంగా తీర్పిచ్చింది. 2022 డిసెంబర్లో అమెరికా వంతు వచ్చింది. ఉక్కు మీద 25, అల్యూమినియం మీద 10 శాతం చొప్పున 2018లో అమెరికా వేసిన సుంకాలకు ఈ మినహాయింపు వర్తించదంది ప్యానెల్. మా భద్రత గురించి మీరు చెప్పేదేంటని అమెరికా కొట్టిపారేసింది. అప్పీలు బెంచీకి కొత్త సభ్యుల్ని అమెరికా ఒప్పుకోకపోవడంతో 2019 డిసెంబర్ నుంచి ఆ బెంచీయే పనిచేయడం లేదు. కాబట్టి తీర్పు అక్కడే ఉండిపోయింది. 2025 జూన్‌లో ఆ రెండు సుంకాలూ 50 శాతానికి చేరాయి. నాటో కూటమిలో పక్కన కూర్చునే కెనడా అల్యూమినియం అమెరికా భద్రతకు ముప్పు ఎలా అవుతుందో నాకైతే ఎంత చదివినా అంతుపట్టలేదు.

ఛత్రపురం ఇసుకలో ఏముంది

బరంపురానికి దగ్గర్లోని ఛత్రపురం తీరంలో ఇసుక మామూలు ఇసుకలా ఉండదు. చేతిలోకి తీసుకుంటే బరువుగా, నల్లగా గింజలు మెరుస్తాయి. అందులో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, సిల్లిమనైట్, గార్నెట్, మోనజైట్ అనే ఖనిజాలు కలిసి ఉంటాయి. కేంద్ర సంస్థ ఐఆర్ఈఎల్ ఇక్కడ నడిపే ఆస్కామ్ ప్లాంటులో వీటిని విడదీస్తారు. ముందు నీళ్లతో తేలిక ఇసుకను పోగొడతారు. తర్వాత ఇల్మనైట్‌ను అయస్కాంతం లాగేస్తుంది. కరెంటు ప్రవహించే గింజలు ఒకవైపు, ప్రవహించనివి మరోవైపు పోతాయి. అలా వడగట్టగా వడగట్టగా కాస్త పసుపు, గోధుమ రంగు కలిసిన మోనజైట్ కొద్దిగా మిగులుతుంది.

ఆ కొద్దిలోనే కథంతా ఉంది. మోనజైట్‌లో అణు ఇంధనానికి పనికొచ్చే థోరియం ఉంటుంది కాబట్టి అణుశక్తి చట్టాల ప్రకారం అది ఎవరు పడితే వాళ్లు అమ్మే వస్తువు కాదు. పైన చెప్పిన మొదటి రకం భయం. అదే మోనజైట్‌లో నియోడిమియం, ప్రసియోడిమియం వంటి రేర్ ఎర్త్ మూలకాలూ ఉంటాయి. విద్యుత్ బండి మోటారు, గాలిమర, క్షిపణి, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్, అన్నింట్లోనూ ఉండే బలమైన అయస్కాంతాలకు అవే ప్రాణం. అంటే రెండో రకం భయమూ అందులోనే ఉంది. ఒకే గింజలో రెండూ ఉండటంతో ఎంతో కాలం మొదటిదే పైచేయి అయింది: థోరియం కారణంగా మోనజైట్ తీసే పని ప్రభుత్వం చేతిలోనే ఉంది, 2019లో బీచ్ ఇసుకలో ప్రైవేటు తవ్వకానికి పూర్తిగా తలుపు మూశారు. నిల్వల్లో ప్రపంచంలో ముందు వరసలో ఉన్న మనం ఉత్పత్తిలో ఒక శాతం కూడా లేకపోవడానికి ఇది ఒక కారణం. తవ్వకంలో చైనా వాటా దాదాపు 70 శాతం, శుద్ధిలో, అయస్కాంతాల తయారీలో సుమారు 90 శాతం.

ఇక్కడికి జపాన్ ఎలా వచ్చిందంటే, 2010 సెప్టెంబర్లో సెన్‌కాకు దీవుల దగ్గర చైనా చేపల పడవ, జపాన్ గస్తీ పడవలు ఢీకొన్నాయి. ఆ గొడవలో జపాన్‌కు చైనా రేర్ ఎర్త్ సరుకు ఆగిపోయింది. జపాన్‌కు అది మరిచిపోలేని దెబ్బ. 2012లో మన దేశంతో ఒప్పందం కుదుర్చుకుంది. ఛత్రపురంలో మోనజైట్‌ను కాస్టిక్ సోడాతో ఉడికించి, థోరియాన్ని పక్కకు తీసి, రేర్ ఎర్త్ క్లోరైడ్ చేస్తారు. అందులో కొంత కేరళలోని ఆలువకు వెళ్తుంది. కొంత పదహారో నంబరు జాతీయ రహదారి మీదుగా విశాఖ దగ్గర టయోటా సూషో సంస్థకు చెందిన ప్లాంటుకు వెళ్లి, అక్కడి నుంచి జపాన్ చేరుతూ వచ్చింది. ఇదే మార్కెట్ల అనుసంధానం, పైగా భద్రత భయంలోంచే పుట్టింది. భద్రత అనగానే తలుపులు మూయడమే అనుకుంటాం, కానీ ఒక తలుపు మూసుకున్నప్పుడు ఇంకోటి తెరుచుకోవడమూ ఇందులో భాగమే.

2025 ఏప్రిల్ 4న చైనా సమేరియం, డిస్ప్రోసియం, టెర్బియం సహా ఏడు మూలకాల మీద, వాటితో చేసిన అయస్కాంతాల మీద ఎగుమతి లైసెన్సు పెట్టింది. ఎవరు వాడతారు, దేనికి వాడతారు అని హామీ పత్రం అడిగింది. కొన్ని వారాల్లోనే మన బండ్ల కంపెనీలు ఉత్పత్తికి గండి పడుతుందని బహిరంగంగా చెప్పడం మొదలుపెట్టాయి. జూన్‌లో ఇంకో వార్త వచ్చింది: జపాన్‌కు పంపడం ఆపి సరుకు దేశంలోనే ఉంచమని కేంద్రం ఐఆర్ఈఎల్‌కు చెప్పిందని.

ఇక్కడే అసలు వాదం. ఆపాలనేవాళ్ల మాట సూటిగా ఉంటుంది: మన కార్లకే అయస్కాంతాలు లేనప్పుడు మన ఇసుక ఇంకొకరికి ఎందుకు? ఆపొద్దనేవాళ్లు రెండు మాటలంటారు. క్లోరైడ్ నుంచి లోహం, లోహం నుంచి మిశ్రమం, మిశ్రమం నుంచి అయస్కాంతం చేసే గొలుసు ఇక్కడ చాలినంత లేదు, అది లేకుండా సరుకు గోడౌన్‌లో పేర్చుకుంటే ఒరిగేదేమిటి? చైనా తన మాట తప్పిందని పదిహేనేళ్ల కిందట మన దగ్గరికి వచ్చిన మిత్రుడికి మనమూ అదే పని చేస్తే ఎలా? నాకు ఈ రెండో పక్షమే కాస్త బలంగా కనిపిస్తుంది, కనీసం ఫ్యాక్టరీలు లేచేదాకా.

చెరువు గట్టు మీద సుంకం లెక్క

గోపాలపూర్ నుంచి సోనాపూర్ దాకా తీరం పొడవునా రొయ్యల చెరువుల్లో వనామీ పెంచుతారు. తల్లి రొయ్య చాలావరకు అమెరికా హేచరీల నుంచే వస్తుంది, పెరిగిన రొయ్య తల తీసి, తొక్క ఒలిచి, గడ్డకట్టించాక తిరిగి అమెరికాకే పోతుంది. ఇంతకన్నా కలిసిపోయిన మార్కెట్ ఎక్కడుంటుంది? కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అది కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. పట్టుబడి రోజు కొనుగోలుదారు చెప్పే కౌంట్ రేటు మీదే రైతు ఏడాది నిలబడి ఉంటుంది.

2025 ఆగస్టు 7న అమెరికా మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నందుకు, అది తమ దేశానికి అత్యవసర పరిస్థితిలో భాగమంటూ ఆగస్టు 27 నుంచి ఇంకో 25 కలిపింది. రొయ్యల్లో మనకు పోటీ అయిన ఈక్వడార్ మీద అప్పుడు 15 శాతం.

అప్పటి, అంటే 2025 చివరి రేట్లతో ఊహించుకుని ఒక లెక్క వేద్దాం. రెండు దేశాల రొయ్యా కిలో వంద రూపాయలే అనుకోండి. మరీ చవగ్గా కుమ్మరిస్తున్నారంటూ అంతకు ముందే వేసిన డంపింగ్ సుంకాల్లాంటివి పక్కన పెడితే అమెరికా రేవులో మనది 150 అవుతుంది, ఈక్వడార్‌ది 115. మనది కూడా 115కే దిగాలంటే సుంకానికి ముందు ధర ఎంత ఉండాలి? 115ను 1.5తో భాగిస్తే 76 రూపాయల 67 పైసలు. అంటే వంద రూపాయల సరుకు మీద 23 రూపాయల పైచిలుకు ఎవరో ఒకరు వదులుకోవాలి. అక్కడి దిగుమతిదారు కొంత, ఇక్కడి కంపెనీ కొంత, మిగిలింది కౌంట్ రేటు రూపంలో చెరువు దగ్గరికి వస్తుంది. మేత కంపెనీ రేటు తగ్గించదు, చెరువు నీళ్లకు గాలి ఆడించే ఏరియేటర్ల కరెంటు బిల్లు తగ్గదు. రైతుకు మాత్రమే బేరం ఆడే చోటు లేదు, ఎందుకంటే పెరిగిన రొయ్యను చెరువులో ఎక్కువ రోజులు ఉంచలేడు.

చమురు కొన్నదెవరు, రొయ్య పెంచిందెవరు? భద్రత ఆంక్షల్లో ఇదే తరచూ జరుగుతుంది. తగాదా ఒక రంగంలో, దెబ్బ ఇంకో రంగంలో. మరోవైపు కొత్త దారులు వెతకడమూ జరిగింది. 2025 జులై 24న సంతకమైన బ్రిటన్ ఒప్పందంలో రొయ్యల మీద సుంకం తీసేయడం ఉంది. 2026 జనవరిలో యూరోపియన్ యూనియన్‌తో చర్చలు ముగిశాయి. ఏళ్ల తరబడి నానిన చర్చలు ఒక్కసారిగా కదలడానికి అమెరికా ఒత్తిడి కొంత కారణమని ఎక్కువమంది అంటారు.

ఇరుగుపొరుగుతో

పుల్వామా దాడి తర్వాత 2019 ఫిబ్రవరిలో పాకిస్తాన్ సరుకు మీద 200 శాతం సుంకం పడింది. 2025 మేలో, పహల్గాం తర్వాత, దిగుమతి పూర్తిగా నిలిచింది, వేరే దేశం మీదుగా వచ్చేది కూడా. ఉపవాసాలప్పుడు వాడే సైంధవ లవణానికి పెద్ద గనులు పాకిస్తాన్‌లోనే ఉన్నాయి. 2020 ఏప్రిల్లో వచ్చిన ప్రెస్ నోట్ 3 ప్రకారం, మనతో భూ సరిహద్దు ఉన్న దేశాల నుంచి పెట్టుబడి రావాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. చైనా పేరు అందులో లేకపోయినా గురి అటే. బంగ్లాదేశ్ విషయంలో 2025 ఏప్రిల్లో మన రేవులు, విమానాశ్రయాల మీదుగా ఇతర దేశాలకు సరుకు పంపే వీలు ఎత్తేశారు, రద్దీ కారణమన్నారు. మేలో అక్కడి రెడీమేడ్ దుస్తులను భూ సరిహద్దులో కాకుండా కోల్‌కతా, నవాషేవా రేవుల్లోనే దించాలన్నారు. ఆ దేశం కూడా అంతకు ముందే మన నూలును భూమార్గంలో రానివ్వడం ఆపింది.

ఆర్‌సెప్ సంగతి కాస్త వేరు. చైనా, జపాన్, ఆసియాన్ దేశాలున్న ఈ కూటమి నుంచి మనం 2019 నవంబర్ 4న తప్పుకున్నాం. అప్పుడు చెప్పింది పాల రైతులు, వాణిజ్య లోటు, దొంగదారిలో వచ్చే సరుకు. మరుసటి ఏడాది గల్వాన్ ఘర్షణ జరిగాక ఆ నిర్ణయం మంచిదే అయిందనే మాట గట్టిపడింది. కాబట్టి దాన్ని ఇప్పుడు భద్రతా నిర్ణయంగా చెప్పేవాళ్లు కాలాన్ని కొంచెం తిరగేస్తున్నారు.

కారిడార్ వస్తే

గంజాంలో ఉద్యోగాలు వస్తాయనే ఆశ సహజం. దానితో పాటు తీరంలో పాత పేచీలూ ఉన్నాయి. ఇసుక తవ్వకానికి ఇచ్చిన లీజు భూముల పక్కనే మత్స్యకారుల ఊళ్లున్నాయి. తెలుగు మాట్లాడే నొలియా కుటుంబాల వలలు ఆరేది ఈ ఇసుక మీదే. రుషికుల్య మొగ దగ్గర లక్షల ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేదీ ఈ తీరంలోనే. దేశ భద్రత అన్న మాట రాగానే ప్రజాభిప్రాయ సేకరణ లాంఛనంగా మారుతుందేమోనని పర్యావరణం గురించి పనిచేసేవాళ్ల అనుమానం. వ్యూహ నిపుణులు ఒప్పుకోరు: అనుమతులకే పదేళ్లు పడితే చైనా మీద ఆధారపడటం ఇంకా పెరుగుతుందంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

లెక్క మాత్రం ఒకటి చూడాలి. 2025 నవంబర్లో కేంద్రం 7,280 కోట్ల రూపాయల అయస్కాంతాల పథకానికి ఆమోదం ఇచ్చింది. ఏటా 6,000 టన్నుల తయారీ లక్ష్యం. ఈ రకం అయస్కాంతం బరువులో సుమారు 30 శాతం రేర్ ఎర్త్ లోహాలే, అంటే ఏటా 1,800 టన్నుల దాకా కావాలి. ఇప్పుడు దేశంలో వచ్చేది అందులో కొంత భాగమే. పైగా వేడికి తట్టుకునే అయస్కాంతాలకు కావలసిన డిస్ప్రోసియం, టెర్బియం మన మోనజైట్‌లో చాలా తక్కువ. అంటే కారిడార్ పూర్తిగా నడిచినా కొంత సరుకు బయటి నుంచి కొనక తప్పదు, ఆస్ట్రేలియా నుంచో, జపాన్ ద్వారానో.

పథకం డబ్బులో పెద్ద భాగం, 6,450 కోట్లు, అమ్మకాలను బట్టి ఇస్తారు. మన అయస్కాంతానికీ చైనా అయస్కాంతానికీ ఉండే ధర తేడాలో కొంత ఖజానా మోస్తుందన్నమాట. మొదటి రెండేళ్లు ఫ్యాక్టరీ కట్టుకోవడానికి, తర్వాతి ఐదేళ్లు ఈ సాయం. 2025 అక్టోబర్లో పెంచిన ఆంక్షలను చైనా ఏడాదిపాటు, 2026 నవంబర్ 10 దాకా పక్కన పెట్టింది. ఏప్రిల్ ఆంక్షలు అలాగే ఉన్నాయి. రేపు అవి కూడా సడలి, చైనా సరుకు మళ్లీ చవకగా దొరికితే, ఇక్కడి మోటారు కంపెనీ ఎవరి దగ్గర కొంటుంది? దేశీయ అయస్కాంతమే కొనాలని ఆ పథకం ఎవరినీ బలవంతపెట్టదు.